గుడి తెర బడికెక్కిన వైనం

పోయిన భాగంలో నరసాపురం పక్కన మాధవాయపాలెం దగ్గర ఆగాం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు అక్కడ కోఠీ పెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళ మగ్గాల నుంచి తెల్లగుడ్డ కొని ఓడలకెక్కించారు. 1679లో మద్రాసు కోట గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ స్వయంగా వచ్చి ఆ కోఠీ లెక్కలు చూసుకుని వెళ్ళాడు. పాలకొల్లులో డచ్చివాళ్ళు అంతకు ముందే పాతుకుపోయి ఉన్నారు. అది గుడ్డ నేసిన చేతుల కథ. ఈ భాగం గుడ్డ మీద బొమ్మ వేసిన చేతులది. దానికోసం గోదావరి ఒడ్డు వదిలి, కృష్ణా పెన్నా దాటి, స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తికి వెళ్ళాలి.

వెళ్ళేముందు మన జంగారెడ్డిగూడెం సరుకు ఒకటి చేతిలోకి తీసుకుందాం. బుట్టాయగూడెం, పోలవరం కొండల్లో కోయలు, కొండరెడ్లు ఏరి సంతకు తెచ్చే అటవీ సరుకుల్లో చింతపండు, కుంకుడు, తపసి జిగురుతో పాటు కరక్కాయ కూడా ఉంటుంది. గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో అదీ ఒకటి. మన ఇళ్ళలో దగ్గొస్తే బుగ్గన పెట్టుకునే ఆ ఎండు కాయే, కాళహస్తిలో కలంతో గుడ్డ మీద బొమ్మ వేసే కలంకారీకి పునాది. కరక్కాయలో ఉన్న వగరు నూలు పోగును పట్టుకుంటుంది, ఆ వగరు రంగును పట్టుకుంటుంది. కరక్కాయ లేకపోతే కాళహస్తి గుడ్డ మీద నల్ల గీత పడదు. ఎర్ర రంగు నిలవదు.

పని ఎలా సాగుతుందో కాస్త తీరిగ్గా చూడాలి, ఎందుకంటే ఈ కథంతా ఆ పనిని ఎవరు ఎవరికి నేర్పారన్న దాని చుట్టూనే తిరుగుతుంది. మగ్గం మీద నుంచి వచ్చిన ముతక గుడ్డకు గంజి ఉంటుంది, జిడ్డు ఉంటుంది. దాన్ని పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరేసి తెల్లబరుస్తారు. తరవాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరబెడతారు. పాలలోని వెన్న గుడ్డను బిగిస్తుంది. కలంతో గీసినప్పుడు రంగు అటూ ఇటూ పాకకుండా గీసినచోటే ఆగుతుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మను లీలగా గీసుకుంటారు. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కొంచెం పైన ఉన్ని గానీ గుడ్డపేలిక గానీ చుట్టి దారంతో కట్టేస్తారు. రంగులో ముంచితే ఆ చుట్ట రంగును తాగుతుంది. వేళ్ళతో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. నొక్కడంలో తేడా వస్తే గీత లావవుతుంది, తెగిపోతుంది. చెరిపే వీలు లేదు.

నల్లరంగుకు తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాల పాటు పులియబెడతారు. దాన్ని వాళ్ళు కసిం అంటారు. కలంతో గీసేటప్పుడు అది పల్చటి నీళ్ళలాగే ఉంటుంది. గుడ్డలోని కరక్కాయకు తగిలిందో లేదో, కళ్ళముందే నల్లబడుతుంది. ఎరుపు తీరు ఇంకా విచిత్రం. ఎరుపు రావలసినచోట పటికనీళ్ళు పూస్తారు. తరవాత గుడ్డను పారే నీటిలో జాడించి, మంజిష్ఠ లాంటి వేళ్ళూ చెక్కలూ వేసిన కాగులో ఉడికిస్తారు. పటిక తగిలినచోట ఎరుపు ఎక్కి కూర్చుంటుంది, మిగతాచోట ఉతికితే పోతుంది. మళ్ళీ పాలలో ముంచుతారు. పసుపు వన్నెకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు, ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చ. రంగు మారినప్పుడల్లా ఉతుకు, ఎండ, ఉతుకు. అందుకే ఈ పని ఏటి ఒడ్డున పుట్టింది. నిలవనీళ్ళలో ఉతికితే వదిలిన రంగు తిరిగి గుడ్డకే అంటుకుంటుంది. పారే నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి.

ఇంత కష్టపడి గీసిన గుడ్డ ఎక్కడికి పోయేది? ఇక్కడ మన చరిత్ర పుస్తకాల మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. బందరు రేవు నుంచి ఐరోపాకూ, పర్షియాకూ, ఆగ్నేయాసియాకూ వెళ్ళిన గుడ్డ గురించి బోలెడు రాశారు. దానికి ఓడల లెక్కలు దొరుకుతాయి, కంపెనీ ఉత్తరాలు దొరుకుతాయి. కాళహస్తి గుడ్డ చాలావరకు ఓడ ఎక్కలేదు. అది గుడికి వెళ్ళింది. దేవుడి వెనక తెరగా, రథానికి కట్టే గుడ్డగా, మండపంలో వేలాడే పటంగా ఉండిపోయింది. దానికి లెక్కలు రాసేవాడు లేడు.

ఆ తెర ఎలా ఉండేదంటే, నడుమ ఒక పెద్ద బొమ్మ. రామాయణమైతే తరచు పట్టాభిషేకం. దాని చుట్టూ వరసలు వరసలుగా చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. గడి అంచున ఏం జరుగుతోందో తెలుగులో రాసి ఉంటుంది. పుత్రకామేష్టి నుంచి మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకు చదువుకుంటూ పోవాలి. దేవుళ్ళు నీలం, ఆడవాళ్ళు పసుపు, రాక్షసులు ఎరుపు. దూరంగా కూర్చున్నవాడు కూడా ఎవరెవరో పోల్చుకోగలిగేలా రంగులే గుర్తులు. కథ చెప్పేవాడు తెర పక్కన నిలబడి ఒక్కో గడి చూపిస్తూ పాడేవాడు. అక్షరం రానివాళ్ళు వినేవారు, వచ్చినవాళ్ళు చదువుకునేవారు. ఆ గుడ్డే రంగస్థలం, ఆ గుడ్డే పుస్తకం. ఇద్దరు మనుషుల ఎత్తున వేలాడే ఆ తెరను మడతపెట్టి చంకన పెట్టుకుంటే వేదిక మొత్తం పక్క ఊరికి తరలిపోయేది.

ఇలాంటి పాత తెరలు కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అన్నా దల్లపిక్కోలా అనే పండితురాలు వాటి మీద 2015లో ఒక పెద్ద పుస్తకం వేశారు. మన లిపి రాసి ఉన్న గుడ్డను చదివి, వివరించి, ప్రపంచానికి చూపించింది ఆవిడ. తెలుగువాళ్ళం ఆవిడకు రుణపడి ఉన్నాం.

ఇక ఈ విద్య ఎవరి చేతుల్లో ఉండేది? కొన్ని కుటుంబాల్లో. తండ్రి గీస్తుంటే కొడుకు రంగు నూరాలి, గుడ్డ ఉతకాలి, కాగు కింద మంట చూడాలి. కసిం పులిసిందో లేదో వాసన చూసి చెప్పగలగాలి. కొన్నేళ్ళు అలా గడిచాక గానీ కలం చేతికి రాదు. కాగితం మీద ఏమీ ఉండదు. ఇంటి విద్య ఇంట్లోనే ఉంటుంది.

దాన్ని బయటికి లాగాలని పరాయివాళ్ళు చాలా ప్రయత్నించారు. తూర్పు తీరం అద్దకం బట్ట ఐరోపాలో ఎంతగా పట్టేసిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం చేసింది. ఎన్ని చట్టాలు చేసినా జనం కట్టడం మానలేదు. ఇక మిగిలింది, ఆ పని తామే నేర్చుకోవడం. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ ఒక ఉత్తరం రాశాడు. మన దేశంలో చాలాకాలం ఉన్నాడు, తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగు–ఫ్రెంచ్–సంస్కృత నిఘంటువుతో పేరు ముడిపడినవాడు. క్రైస్తవంలో కలిసిన అద్దకపువాళ్ళను అడిగి అడిగి, గుడ్డను పాలలో ఎలా ముంచుతారు, కరక్కాయ ఎంత, పటిక ఎప్పుడు, వేరు ఎలా ఉడికిస్తారు అన్నదంతా వరసగా రాసి స్వదేశానికి పంపాడు. ఆ ఉత్తరం అచ్చయింది. ఇళ్ళలో తరతరాలుగా నోటిమాటగా ఉన్నది అట్లా పారిస్‌లో చదువుకునే వస్తువైంది. ఆ చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం అందులో లేవు.

తరవాతి దెబ్బ రసాయనశాలలో తగిలింది. మన తీరపు ఇసకనేలల్లో తవ్వే చిరివేరులోని ఎరుపును జర్మన్ రసాయనవేత్తలు గ్రేబే, లీబర్మన్ 1868లో గాజుగొట్టంలో తయారుచేశారు. 1897 నుంచి రసాయన నీలిమందు కూడా బజారుకొచ్చింది. వేరు తవ్వేవాళ్ళు తవ్వడం మానేశారు. మాంచెస్టరు గుడ్డ, జర్మనీ రంగు ఊరూరా చేరాయి.

కాళహస్తి తెరను చంపినవి మాత్రం ఇవి మాత్రమే కావని నా నమ్మకం. అది బజారు గుడ్డ కాదు కాబట్టి బజారు పోటీ దాన్ని నేరుగా తాకలేదు. దానికి కావలసింది కథ చెప్పేవాడు, కథ వినే జనం, తెర చేయించే జమీందారో ధర్మకర్తో. ఆ మూడూ ఒకదాని తరవాత ఒకటి పలచబడ్డాయి. ఊరి మనిషి రామాయణం చూడడానికి నాటకాల పాకకు, ఆ తరవాత సినిమా హాలుకు వెళ్ళాడు. తెర ముందు పాట ఆగిపోయాక తెర వేసే చెయ్యి ఎంతకాలం ఆడుతుంది? స్వతంత్రం వచ్చేనాటికి కాళహస్తిలో ఈ పని మొదటినుంచి చివరిదాకా తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

ఈ సమయంలో కథలోకి కమలాదేవి చట్టోపాధ్యాయ వస్తారు. ఆవిడ వచ్చింది నాటకరంగం నుంచి. గౌరవ కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కని రోజుల్లో ఎక్కారు. 1931లో కన్నడవారి మూకీ సినిమా 'మృచ్ఛకటిక'లో వసంతసేన వేషం వేశారు. 1944లో ఇండియన్ నేషనల్ థియేటర్ ఏర్పాటులో ముందున్నారు. 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడ్డాక దాని పగ్గాలు పట్టారు. మిగతావాళ్ళు కాళహస్తి గుడ్డలో అమ్ముడుపోని సరుకును చూస్తే, నాటకం తెలిసిన ఆవిడ వేదిక పోగొట్టుకున్న ఒక ప్రదర్శనను చూసి ఉంటారని నాకనిపిస్తుంది. 1950ల చివర్లో మండలి పూనికతో కాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం మొదలైంది.

కేంద్రం పెట్టడం తేలిక. నేర్పేదెవరు? ఆ బాధ్యత జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి మీద పడింది. ఆయన చేసిన పని ఎంత పెద్దదో ఆలోచించండి. తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే విద్యను, ఎవరి పిల్లలో తెలియని కుర్రాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. వాళ్ళు ఐదేళ్ళు రంగు నూరుతూ కూర్చోరు. గడువులోగా కలం పట్టించి, బొమ్మ వేయించి పంపాలి. ఇంట్లో అయితే కసిం పులిసిందని కొడుకు ముక్కుకే తెలుస్తుంది. తరగతిలో దాన్ని మాటల్లో పెట్టాలి. ఎన్ని రోజులు, ఎంత బెల్లం, ఏ రంగు తిరిగితే సిద్ధమైనట్టు. ఒక్కో దేవుడి చేతులెన్ని, ఆయుధం ఏ చేతిలో, వాహనం ఏది, కిరీటం ఏ ఆకారం, ఇవన్నీ పాఠాలయ్యాయి. కేర్దూ గుచ్చిగుచ్చి అడిగి రాసుకున్నదాన్ని రెండు వందల ఏళ్ళ తరవాత ఆ పనివాళ్ళలో ఒకరు తమంత తాము, ఎదురుగా కూర్చున్న కుర్రాళ్ళకే, తమ ఊళ్ళోనే చెప్పారు. కాళహస్తి చరిత్రలో ఏ రాజు శాసనానికీ తీసిపోని ఘట్టం ఇది.

లక్ష్మయ్య గారి కుమారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు. తండ్రి దగ్గరే కలం పట్టారు. బడిపంతులుగానూ పనిచేశారు. కలంకారీ చిత్రకారుడు, ఉపాధ్యాయుడు అన్న ఈ రెండు ఉద్యోగాలూ ఆయనలో ఒకదాన్నొకటి పోషించుకున్నాయి. పురాణకథను గళ్ళుగా విడగొట్టి, ఏ ఘట్టం ముందు, ఏది వెనక, దేన్ని వదిలేయవచ్చు అని తేల్చడం పాఠం చెప్పేవాడికి అలవాటైన పనే. ఆయన చేతి తెరల్లో కథ నడక సాఫీగా ఉంటుంది. కన్ను తడుముకోదు. 2008లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన కుమారుడు నిరంజన్ కూడా ఈ దారిలోనే పేరు తెచ్చుకున్నారు. పాత తెరలు వేసినవాళ్ళలో అత్యధికుల పేర్లు మనకు దక్కలేదు. ఇప్పుడు తాత, తండ్రి, మనవడు మూడు తరాల పేర్లు ఊరికీ దేశానికీ తెలుసు. బడి వల్ల వచ్చిన మార్పుల్లో ఇది నాకు చాలా ఇష్టమైనది.

కాళహస్తిలో తరగతి మొదలైన కాలానికే ప్రపంచంలో ఇంకోచోట ఇంకో తర్జనభర్జన నడుస్తోంది. నారతో, దారంతో చేసింది చేతిపనా, కళా? స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 1962లో నేత చిత్రాల ద్వైవార్షిక ప్రదర్శన మొదలైంది. పోలండ్ కళాకారిణి మాగ్దలేనా అబకానోవిచ్ నారతో మనిషికంటే ఎత్తైన రూపాలు నేసి గది నడుమ వేలాడదీసింది. 1969లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం గోడ నేతలకే ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టింది. మన దేశంలో మృణాళినీ ముఖర్జీ 1970ల నుంచి జనుము తాళ్ళను మగ్గం లేకుండా, ముడి మీద ముడి వేస్తూ వనదేవతల్లాంటి మహారూపాలు కట్టారు. బరోడాలో ఆవిడ గురువు కె.జి. సుబ్రమణ్యన్ అంతకుముందు చేనేత బోర్డులో పనిచేసి, నేతగాళ్ళ దగ్గర నేర్చుకున్నవారు. 2015 జనవరిలో ఢిల్లీ జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఆవిడ జీవితకాల కృషి ప్రదర్శన తెరుచుకుంది. కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో, ఆవిడ కన్నుమూశారు.

ఈ రెండు లోకాలకూ నడుమ నిలిచిన మనిషి నెల్లీ సేత్నా. బొంబాయి పార్సీ. అమెరికాలో క్రాన్‌బ్రూక్ అకాడమీలో నేత నేర్చుకుని వచ్చి గోడలకు వేలాడే పెద్ద పెద్ద నేతచిత్రాలు చేశారు. కమలాదేవి ప్రోత్సాహంతో ఆంధ్ర తీరానికి వచ్చి కలంకారీ రంగులు, పద్ధతులు పట్టుదలగా అధ్యయనం చేశారు, పుస్తకం రాశారు. ఆధునిక కళాశాలలో చదివినావిడ కలంకారీ పనివాళ్ళ ముందు విద్యార్థిగా కూర్చుంది. ఈ దిశలో నడిచిన పాఠం గురించి మనం తక్కువగా చెప్పుకుంటాం.

తెర గుడి గోడ వదిలి మ్యూజియం గోడ ఎక్కడం ఆ దశాబ్దాల్లోనే జరిగింది. పుపుల్ జయకర్ పూనికతో 1950ల నుంచి ఏర్పడిన వీవర్స్ సర్వీస్ సెంటర్లలో హైదరాబాదు కేంద్రం కలంకారీని చేరదీసింది. 1982లో లండన్‌లో భారత ఉత్సవం జరిగినప్పుడు మార్తాండ్ సింగ్ 'విశ్వకర్మ' పేరుతో పెట్టిన ప్రదర్శనలో మన చేనేతలతో పాటు కలంకారీ పటాలు కూడా వేలాడాయి. దీనివల్ల లాభం ఉంది, నష్టమూ ఉంది. కొనేవాళ్ళు వచ్చారు, పనివాడికి కూలి కాక వెల దక్కింది. అయితే మ్యూజియంలో తెర పక్కన పాడేవాడు ఉండడు. గళ్ళలోని తెలుగు చదివేవాడూ అరుదే. కథ నోరు మూసుకుంది, బొమ్మ మిగిలింది. గుడి తెరలోని వంద చిన్న గళ్ళ స్థానంలో ఒక్క పెద్ద జీవవృక్షమో, ఒక్క గణపతో వేసే అలవాటు పెరగడానికి ఇదే కారణమనుకుంటాను. గోడకు అది అందం. కథకు అది కోత.

బడి తెచ్చిన ఇంకో మార్పు ఎవరూ ముందుగా ఊహించనిది. ఇంటి విద్యగా ఉన్నంతకాలం కలం మగవాళ్ళ చేతిలోనే ఉండేది. తరగతి తలుపు తెరిచాక మెల్లగా ఆడపిల్లలు వచ్చారు. తరవాత అనితా రెడ్డి మొదలుపెట్టిన 'ద్వారక' సంస్థ కాళహస్తి చుట్టుపక్కల మహిళలకు ఈ పని నేర్పి, సరుకు అమ్మే దారి చూపించింది. ఈరోజు ఆ ఊళ్ళో ఏ వీధిలోకి వెళ్ళినా గడప దగ్గర మోకాలి మీద పలక పెట్టుకుని చీరకొంగు మీద కలం నడిపే అక్కచెల్లెళ్ళు కనిపిస్తారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల సంప్రదాయ శిల్ప శిక్షణాలయంలో కలంకారీ ఒక కోర్సుగా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

కష్టాలూ ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. స్వర్ణముఖి ఏడాదిలో చాలాకాలం ఇసకే. పారే నీళ్ళకోసం పుట్టిన విద్య ఇప్పుడు బోరునీళ్ళ మీద ఆధారపడింది. మరోవైపు సూరత్‌లో మరమీద అచ్చేసిన పాలిస్టరు మీద కాళహస్తి గోపిక, బందరు లత రెండూ కలిపి 'కలంకారీ' పేరుతో మన ఊరి బట్టల కొట్లోనూ అమ్ముతున్నారు. తేడా పట్టడం పెద్ద కష్టం కాదు. గుడ్డను తిప్పి చూడండి. కలం పనిలో రంగు పోగులోకి దిగి వెనకవైపు కూడా కనబడుతుంది. రెండు గోపికలను పక్కపక్కన పెట్టి కళ్ళు పోల్చండి. చేత్తో గీసినవి ఎప్పుడూ అచ్చం ఒకేలా ఉండవు. కొత్త గుడ్డ ముక్కుకు దగ్గరగా పెడితే కరక్కాయ, పాలు కలిసిన ఒక వగరు వాసన వస్తుంది. ఆ వాసన తెలిసిన కొనుగోలుదారు ఒక్కడు పెరిగితే గీసేవాళ్ళ ఇంట్లో ఒక రోజు కూలి పెరిగినట్టే. అందుకే ఈ మాట ఇంత వివరంగా రాస్తున్నాను.

కలంతో కాక చెక్కిన కొయ్య అచ్చులతో బతికిన బందరు, పెడనల కథ వేరు. ఆ అచ్చులు చెక్కినవాళ్ళు ఎవరు, పర్షియా కోసం చెక్కిన లతలు మన ఇంటి దుప్పట్ల మీదికి ఎలా వచ్చాయి అన్నది వచ్చే భాగంలో.